చిన్నబడిలో రాసిన పేరు

ఇంక ఇంటికి తీసుకెళ్ళండి అని ఆసుపత్రి వాళ్ళు అన్నారంటే దాని అర్థమేమిటో పుష్పకుమారికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. నెల్లూరు నుంచి పాళెం దాకా కారులో ఆమె ఒక్క మాటా మాట్లాడలేదు. ఇంటికొచ్చి, వరండాలో మంచం వేయించుకుని, గోడకి చేరగిలబడి, కూతురు అబిగయీలు తెచ్చిన బార్లీ నీళ్ళు రెండు గుక్కలు తాగి, అప్పుడు నోరు తెరిచింది.

"నన్ను మీ నాన్న కాడికి తీసకపోబాకండి."

అబిగయీలుకి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమై, గ్లాసు కింద పెట్టింది. నాన్న దావీదు పోయి ఏడేళ్ళయింది. ఆయన సొంత ఊరు మనుబోలు. అక్కడే ఆయన తల్లిదండ్రుల సమాధుల పక్కన పెట్టారు. అమ్మని కూడా అక్కడికే తీసుకెళ్ళాలని మనుబోలులో చిన్నాన్న వాళ్ళు ఇప్పటికే ఒక మాట అనుకున్నారు. ఎవరూ అమ్మ ముందు అనలేదు. అయినా తెలిసిపోయింది. జబ్బు మనిషికి చెవులు రెట్టింపవుతాయంటారు, ఊరికే అనరు.

"మీ నాన్న పక్కన వాళ్ళమ్మ ఉండాది," అంది పుష్పకుమారి. "చిన్నోడి కాడ ఎవరుండారు?"

చిన్నోడంటే జడ్సన్, అబిగయీలు తమ్ముడు. మూడున్నరేళ్ళ వాడు. ఇరవై ఆరేళ్ళ కింద జ్వరమొచ్చి, మూడో రోజుకి పోయాడు. అప్పుడు అబిగయీలుకి ఆరేళ్ళు. వాడికి చీకటంటే భయమనీ, దీపం తీసేస్తే అమ్మ కొంగు వెతుక్కునేవాడనీ, ఇంతకుమించి ఆమెకి వాడి గురించి గుర్తు లేదు. పాళెం చర్చి వెనక, సరుగుడు తోపుని ఆనుకుని ఉన్న సమాధుల తోటలో పెట్టారు. రాయి వేయించలేదు. చెక్కతో సిలువ చేయించి పాతారు. సముద్రం నాలుగు కిలోమీటర్లు కూడా లేని ఊరు, అంతా ఇసుక నేల. రెండు తుఫాన్లకి మట్టికుప్ప చదునైపోయింది, సిలువని చెదలు తినేసింది. కొన్నాళ్ళకి ఎవరు ఎక్కడున్నారో తోటకి తప్ప ఎవరికీ తెలియదన్నట్టయింది.

"అట్నేలే అమ్మా, తమ్ముడి పక్కనే," అంది అబిగయీలు. "వరస, నంబరు చర్చి ఆఫీసులో ఉంటాయి కదా. రేపు పోయి చూసొస్తా."

"లేడంట."

"ఎవరు చెప్పినారు?"

"కంప్యూటరు," అంది పుష్పకుమారి.

తర్వాత ఊపిరి చాలినప్పుడల్లా కొంచెం కొంచెంగా చెప్పింది. రెండేళ్ళ కింద సంఘ పెద్దలు చర్చిలో ప్రకటన చేశారు. తోటలో చోటు చాలడం లేదు, గుర్తు లేని సమాధులు ఎవరివైనా ఉంటే వచ్చి పేరు చెప్పండి, రిజిస్టరులో చూసి నంబరు రాయి వేస్తాం, ఎవరూ చెప్పుకోని చోట్లు కొత్తవాళ్ళకి ఇస్తాం అన్నారు. పుష్పకుమారి ఆ సోమవారమే వెళ్ళింది. ఆఫీసులో ఎలిశబెతు పేరు కొట్టి చూసింది. ఆ పేరుతో ఎవరూ లేరని వచ్చింది. మళ్ళీ కొట్టమంది. మళ్ళీ లేరనే వచ్చింది.

"బాప్తిస్మం లేని బిడ్డ గదా. అందుకని పుస్తకంలో రాసుండరులే అనుకున్నా," అంది.

పాళెం సంఘంలో పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు. పెరిగి పెద్దయి, తన నోటితో విశ్వాసం ఒప్పుకున్నాకే నీళ్ళలోకి దించుతారు. సభ్యుల పుస్తకంలో పేరెక్కేది ఆ తర్వాతే. మూడున్నరేళ్ళ వాడు ఏ పుస్తకంలో ఎక్కుతాడు? రెండేళ్ళుగా ఆమె మనసులో నలుగుతున్నది చర్చి రిజిస్టరు సంగతొక్కటే కాదని అబిగయీలుకి అర్థమైంది. వీళ్ళ ఇళ్ళల్లో 'పుస్తకంలో పేరు' అంటే దానికి పైలోకం అర్థం కూడా ఒకటుంది, పరలోకానికి వెళ్ళేవాళ్ళ పేర్లు దేవుడు రాసుకునే పుస్తకమని. ఆ పుస్తకంలో పేరు లేనివాడి గతేమిటని అమ్మ ఎవరినీ అడగలేదు, పాస్టరుగారిని కూడా. కడుపులోనే పెట్టుకుంది.

"నాకెందుకు చెప్పలా?"

పుష్పకుమారి ముఖం వీధి వైపు తిప్పుకుంది. ఎదురింటికి తాళం వేసి ఉంది. అది రెబెక్కమ్మ ఇల్లు. ఎనిమిది నెలల కింద ఆమె పోతే, ఊరంతా వెళ్ళింది కానీ పుష్పకుమారి మాత్రం ఇదే వరండాలో స్తంభం పట్టుకుని నిలబడి, పెట్టె వీధి మలుపు తిరిగే దాకా చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఇద్దరికీ ఇరవై ఆరేళ్ళుగా మాటల్లేవు. అది కూడా చిన్నోడి దగ్గర వచ్చిందే. రెబెక్కమ్మకి పిల్లల్లేరు. జడ్సన్‌ని ఎప్పుడూ చంకనేసుకుని తిరిగేది. ఒకరోజు బోరింగు దగ్గర ఎవరో ఏదో అన్నారు, దిష్టి అనో, కడుపు పండనామె చెయ్యి అనో. పుష్పకుమారి వెళ్ళి, నలుగురు చూస్తుండగా ఆమె చేతుల్లోంచి బిడ్డని లాక్కుంది. నెల తిరగకముందే వాడికి జ్వరమొచ్చింది. తర్వాత మాట్లాడుకోవడానికి ఇద్దరికీ ముఖం చెల్లలేదు.

ఆ రాత్రి అమ్మ నిద్రపోయింది. అబిగయీలు నిద్రపోలేదు. ఎందుకంటే, లేడు అని చెప్పిన ఆ కంప్యూటరుకి అలా చెప్పడం నేర్పింది తనే.

అబిగయీలు నెల్లూరులో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తుంది. రొయ్యపిల్లల హేచరీలకి ప్రోగ్రాములు రాస్తారు. ఏ ట్యాంకులో ఉప్పెంత, వేడెంత, ఏ పూట మేత ఎంత, అన్నీ ఫోనులో కనపడేలా చేస్తారు. పనిమంతురాలని పేరుంది. మూడేళ్ళ కింద చర్చి ఆఫీసులో పాత కంప్యూటరు చచ్చిపోయే ముందు గురక పెట్టడం మొదలెడితే, పాస్టరుగారు అడిగారని, సమాధుల రిజిస్టరుని అందులోంచి తీసి కొత్త డేటాబేసులోకి ఎక్కించి, పేరు కొడితే వరస, నంబరు చెప్పే చిన్న ప్రోగ్రాము రాసిచ్చింది. ఒక శని, ఆదివారం పట్టింది. చర్చిలో చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. అమ్మ ఆ శాలువాని ఇప్పటికీ బీరువాలో మడత విప్పకుండా దాచింది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని సామెత. బల్లికి ఆ కుడితి సంగతి తెలియడానికి మూడేళ్ళు పట్టింది.

పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళింది. ఎలిశబెతు అప్పుడే తలుపు తీసి చీపురు పట్టుకుంది. నలభై ఏళ్ళ మనిషి, మెత్తటి గొంతు, ఎవరినీ నొప్పించే రకం కాదు.

"అమ్మకి ఎట్టుండాది పాపా?"

"ఇంటికి తెచ్చేసినాం అక్కా," అంది అబిగయీలు. ఎలిశబెతు చీపురు పక్కన పెట్టి, ఇంకేమీ అడక్కుండా కుర్చీ లాగి ఇచ్చింది.

జడ్సన్ అని కొట్టింది. ఈ పేరుతో ఎవరూ లేరు. ఇంగ్లీషులో ఈ పేరుని ఎన్ని రకాలుగా రాస్తారో అన్ని రకాలుగా కొట్టింది. జె తర్వాత ఎ పెట్టి, యు పెట్టి, ఇ పెట్టి, డి బదులు టి పెట్టి. లేరు, లేరు, లేరు. చివరికి పేరులో ముక్క దొరికినా చాలని 'సన్' అని మాత్రం కొట్టింది. శామ్సన్లు, జాన్సన్లు బారులు తీరి వచ్చారు, జడ్సన్ రాలేదు. తండ్రి పేరుతో వెతికితే దావీదు కొడుకులు పదిమందికి పైగా వచ్చారు, అందరూ మనవళ్ళనెత్తి పోయినవాళ్ళే.

"ఒక మాట చెప్పేదా పాపా," అంది ఎలిశబెతు వెనక నిలబడి. "పిల్లల కోసరం వచ్చినోళ్ళందరికీ ఇట్నే వచ్చింది. పెద్దోళ్ళయితే టక్కన వచ్చేది. పిల్లలంటే లేదనేది. తాత పిల్లలవి ఎక్కించలేదేమో అని నేనే చెప్పి పంపేదాన్ని. ఎంతమందో వచ్చినారు. ఒకామె అయితే ఆ మెట్ల మీదే కూలబడిపోయింది."

"నాకు చెప్పకూడదా అక్కా?"

"నీ తప్పనుకుంటే గదా చెప్పేది," అంది ఎలిశబెతు. అందులో ఎత్తిపొడుపేమీ లేదు. అందుకే అది ఎక్కువ తగిలింది.

తాత అంటే సమాధానం తాత, ఎలిశబెతు కంటే ముందు ముప్పై ఏళ్ళు ఆఫీసు గుమాస్తా. పాత కంప్యూటరు కొన్నప్పుడు, చేతిరాత పుస్తకంలోని పేర్లన్నీ కూర్చుని ఎక్కించింది ఆయనే. అందులో నాలుగే గళ్ళు. పేరు, తండ్రి పేరు, వరస, నంబరు. తేదీలకి గడి లేదు. తెలుగు కొట్టే వీలు కూడా అప్పట్లో ఆ కంప్యూటరులో లేక అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాడు. ఆ చేతిరాత పుస్తకం తర్వాత ఒక వానాకాలం కప్పు కారి ముద్దయిపోయింది. ఆయన ఎక్కించకపోతే ఇక తమ్ముడి చోటు తెలిసే దారి ఇంకెక్కడా లేదు. ఆయన ఇప్పుడు కోవూరులో కూతురి దగ్గర ఉంటున్నాడు. అబిగయీలు లాప్‌టాప్ సంచి భుజానికి తగిలించుకుని, స్కూటీ మీద కోవూరు దారి పట్టింది. దారి పొడుగునా అమ్మ గుక్కలు గుక్కలుగా బార్లీ నీళ్ళు తాగడమే కళ్ళకి కట్టింది. ఎన్ని రోజులుంటుందో డాక్టరు కచ్చితంగా చెప్పలేదు. వారం అనుకోండి అన్నాడు, అదీ తల వంచుకుని.

సమాధానం తాత పంచలో నులకమంచం మీద కూర్చుని, కూతురు వలిచి పెట్టిన కమలాపండు తొనలు ఒక్కొక్కటే తింటున్నాడు. ఎనభై దాటాయి. ఒక కంటికి శుక్లం తీశారు, రెండో కన్ను దానంతట అది పోయింది. మాట మాత్రం పోలేదు.

"ఎవరూ? దావీదు కూతురా? రా మే, కూర్చో."

అబిగయీలు వచ్చిన పని చెప్పింది. చెబుతుండగానే ముసలాయన ముఖం ఎర్రబడింది. తొన పళ్ళెంలో పడేశాడు.

"పిల్లల్ని ఎక్కించలేదా? ఎవరన్నారు ఆ మాట? ఒక్కరినీ వదల్లా నేను. మీ తమ్ముడు గదా, జడ్సన్. తొమ్మిదో వరస. పెట్టె మోసింది నేనే, మీ నాన్న మొయ్యలేకపోయినాడు. రెండు చేతుల మీద పట్టేంత పెట్టె. వాణ్ణి వదిలేస్తానా?"

"కొడితే రావడం లేదు తాతా."

"ఎట్ట కొట్టినావు?"

"మామూలుగానే."

"పెద్దబడిలోనా, చిన్నబడిలోనా?"

పెద్దబడి, చిన్నబడి. అబిగయీలు ఈ మాటలు విని పాతికేళ్ళయి ఉంటుంది. పాతకాలం పంతుళ్ళు ఇంగ్లీషు పెద్ద అక్షరాలని పెద్దబడి అనీ, చిన్న అక్షరాలని చిన్నబడి అనీ చెప్పేవాళ్ళు. తెలుగు అక్షరాలకి ఈ గొడవ లేదు. అ ఎక్కడ రాసినా అ అంతే, రాజు పేరులోనైనా బంటు పేరులోనైనా.

"ఎట్ట కొట్టినా నా ప్రోగ్రాము పెద్దబడిలోకి మార్చుకుంటుంది తాతా," అంది. "రిజిస్టరంతా పెద్దబడిలోనే ఉంది కదా, అందుకని."

"రిజిస్టరంతా పెద్దబడిలో ఎందుకుంటుంది?" అన్నాడు సమాధానం, వింత మాట విన్నట్టు. "పెద్దోళ్ళకి పెద్దబడి, చిన్నోళ్ళకి చిన్నబడి. చూడంగానే తెలియాల గదా, ఇది బిడ్డ, ఇది పెద్ద మనిషి అని. వయసు రాయడానికి దాంట్లో గడే లేకపాయె. ఆ బోర్డు మీద ఒక చిన్న లైటుంటాదే, పెద్దబడికి వెలుగుతాదే, పిల్లల పేరు వచ్చినప్పుడల్లా ఆ లైటు ఆర్పేసి కొట్టేవాణ్ణి. పసిబిడ్డలు పడుకున్న చోట లైటు ఆర్పమా ఏంది?"

అబిగయీలుకి లోపల మొత్తం ఒక్కసారిగా తెరుచుకుంది. ఎక్కడ తప్పు చేసిందో ఏ లైను మీద చేసిందో కూడా కనపడింది.

పాత డేటాబేసుకి పెద్దబడీ చిన్నబడీ ఒకటే. ఎలా అడిగినా ఇచ్చేది. కొత్తదానికి పట్టింపు ఎక్కువ. దానికి పెద్ద అక్షరం వేరు, చిన్న అక్షరం వేరు, అక్షరం పొల్లు పోకుండా ఒకేలా ఉంటేనే ఒకే పేరు. అది అబిగయీలుకి తెలుసు. తెలియకపోతే ఇంత బాధ లేదు. తెలిసే, జాగ్రత్త పడ్డాననుకుంది. పట్టికలో మొదటి రెండు మూడు వందల పేర్లు చూసింది. అన్నీ పెద్దబడిలో ఉన్నాయి. అవి సంఘం మొదటితరం పెద్దల వరసలు, అక్కడ పిల్లల్లేరు. ఇంకేం, వెతికేవాళ్ళు ఎలా కొట్టినా వాళ్ళ మాటని పెద్దబడిలోకి మార్చి, పట్టికలో ఉన్నదానితో సరిపోల్చు అని రాసేసింది. ఒక వైపే మార్చింది. రెండో వైపు, అంటే పట్టికలోని పేరుని కూడా మార్చి సరిపోల్చమని రాసి ఉంటే గొడవే లేదు. ఒక్క మాట. ఆ ఒక్క మాట రాయనందుకు, వెతికేవాళ్ళు పెద్దబడిలో కొట్టినా చిన్నబడిలో కొట్టినా చిన్నబడిలో పడుకున్న పిల్లలు ఎవరికీ దొరకలేదు. పేరు పెట్టి పిలిచినా పలకలేదు, పిలిచేది కన్నతల్లే అయినా.

అక్కడే పంచలో లాప్‌టాప్ తెరిచి, ఫోను నెట్టు మీద చర్చి రిజిస్టరులోకి వెళ్ళింది. రెండుసార్లు తప్పు కొట్టి, మూడోసారికి ఆ లైను సరిచేసింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. జడ్సన్ అని కొట్టింది.

వచ్చాడు. జడ్సన్, తండ్రి దావీదు, వరస తొమ్మిది, నంబరు పద్నాలుగు. అన్నీ చిన్న అక్షరాల్లోనే, తండ్రి పేరు కూడా. బిడ్డ ముందు తండ్రి కూడా వంగి కూర్చున్నాడు కాబోలు.

"వచ్చినాడా?" అన్నాడు ముసలాయన, ఉన్న ఒక్క కన్నూ స్క్రీను వైపు పెట్టి.

"వచ్చినాడు తాతా," అని అబిగయీలు ఏడ్చేసింది. సమాధానం ఆమె తల మీద చెయ్యి పెట్టి ఊరుకున్నాడు.

తేరుకున్నాక, చిన్నబడిలో ఉన్నవాళ్ళందరినీ ఒక్కచోటికి రమ్మని అడిగింది. అరవై ముగ్గురు వచ్చారు. ఒకరి కింద ఒకరు, ఇంటిపేర్లు కూడా లేని చిన్న చిన్న పేర్లు. కొన్నింటికి పేరే లేదు, 'బేబీ' అనీ, పక్కన తండ్రి పేరూ. ఇక చివరగా, తొమ్మిదో వరసలో పక్క చోటు ఖాళీగా ఉందో లేదో చూద్దామని పద్నాలుగు, పదిహేను నంబర్లు అడిగింది. పదిహేను ఖాళీగానే ఉంది. పద్నాలుగులో ఇద్దరున్నారు.

ఒకరు చిన్నబడిలో జడ్సన్. రెండోది పెద్దబడిలో, ఎనిమిది నెలల కింద ఎలిశబెతు ఎక్కించిన పేరు. రెబెక్కమ్మ.

ఒకే చోటికి రెండు పేర్లు రాకూడదని ఒక అడ్డు పెట్టి ఉండాల్సింది, అదీ పెట్టలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఎవరూ చెప్పుకోని చోటని పెద్దలు అనుకున్నారు. చెప్పుకోవడానికి వచ్చిన మనిషిని కంప్యూటరు తిప్పి పంపించింది. తవ్వినవాళ్ళకి ఇరవై ఆరేళ్ళ నాటి ఆ చిన్న పెట్టె ఆనవాలు కూడా కనపడి ఉండదు, ఆ ఇసుక అలాంటిది.

తిరిగొచ్చేటప్పుడు అబిగయీలు ముందు తోటకే వెళ్ళింది. తొమ్మిదో వరస, పద్నాలుగు. తెల్ల సున్నం కొట్టిన సిమెంటు సిలువ, దాని మీద నల్ల రంగుతో రెబెక్కమ్మ పేరు. సరుగుడు ఆకులు రాలి సమాధి మీద మెత్తగా పరుచుకున్నాయి. ఆమె చేత్తో వాటిని ఊడ్చింది. అమ్మకి ఏం చెప్పాలి? దొరికాడని చెప్పి అక్కడితో ఆపేయవచ్చు. అమ్మ లేచొచ్చి చూసేదేమీ లేదు. పదిహేనులో పెడితే పక్కనే ఉన్నట్టు, అబద్ధం కూడా కాదు. కానీ రెండేళ్ళు ఆమెకి ఒక అబద్ధం చెప్పించింది తనే. చచ్చిపోయే మనిషికి ఇంకొకటి చెప్పడానికి నోరు రాలేదు.

ఇంటికొచ్చేసరికి సాయంత్రం అయిదు. పుష్పకుమారి మేలుకునే ఉంది. పొద్దుటి కంటే ముఖం ఇంకా లోపలికి పోయింది. అబిగయీలు మంచం పట్టె మీద కూర్చుని, అమ్మ చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది.

"దొరికినాడమ్మా. తొమ్మిదో వరస, పద్నాలుగు. పేరు రాసే ఉండాది. మొదటి నుంచీ ఉండాది. పుస్తకంలోంచి ఎవరూ తీసెయ్యలా."

పుష్పకుమారి పెదాలు కదిలాయి. కాసేపటికి మాట వచ్చింది. "మరి లేడనిందే?"

"సమాధానం తాత పిల్లల పేర్లన్నీ చిన్నబడిలో రాసినాడు. నేను పెద్దబడిలో మాత్రమే వెతకమని చెప్పుండా దానికి. తప్పు నాదే."

"చిన్నబడిలోనా," అంది పుష్పకుమారి. ఆ మాటని నోట్లో పెట్టుకుని చప్పరించినట్టు ఇంకోసారి అంది. "చిన్నబడిలో రాసినాడా తాత. మంచోడు."

"ఇంకోటి ఉండాదమ్మా." అబిగయీలు ఊపిరి పీల్చుకుంది. "ఆ చోటు ఎవరిదీ కాదనుకుని ఇంకొకరికి ఇచ్చేసినారు. వాడి పైన... రెబెక్కమ్మని పెట్టినారు."

పుష్పకుమారి ఎదురింటి తాళం వైపు చూస్తూ ఉంది. కళ్ళ చివరల నుంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోతున్నాయి, తుడుచుకునే ఓపిక లేదు. అబిగయీలు కొంగుతో తుడిచింది. అమ్మకి కోపమొస్తుందేమో, లేక భరించలేదేమో అని భయపడింది. చెప్పకుండా ఉండాల్సింది అని కూడా అనుకుంది.

"ఆమె చేతుల్లోంచి లాక్కున్నా నేను," అంది పుష్పకుమారి చివరికి. "అందరి ముందర. వాడు ఏడిచినాడు ఆమె కాడికే పోతానని. రెండు చేతులూ చాపినాడు. నేను పోనియ్యలా."

"అమ్మా, ఊరుకో."

"ఇప్పుడు ఆమె కాడే ఉండాడు." కొంచెం ఆగింది. "ఎనిమిది నెలల నుంచి ఒంటరిగా లేడు. చీకట్లో భయపడుంటాడని ఇన్నాళ్ళూ... సరేలే. ఆమె ఎత్తుకునే ఉంటాది. ఆమెని కదిలించబాకండి. నన్ను పక్కన పెట్టండి చాలు."

నీళ్ళు అడిగింది. రెండు చెంచాలు పోస్తే ఒకటి మింగింది.

"మిగతావాళ్ళకి చెప్పు పాపా. నా మాదిరిగానే వచ్చి పోయినోళ్ళు, ఆ అమ్మలు. ఎంతమంది?"

"అరవై ముగ్గురు పిల్లలు."

"అందరికీ చెప్పు. ఇంటికి పోయి చెప్పు, ఫోనులో కాదు."

అబిగయీలు తల ఊపింది. నిన్నటి నుంచీ అడగాలనుకున్న మాట అప్పుడు బయటికొచ్చింది. "నన్ను ఒక్కమాట అడుగుంటే ఆరోజే సరిచేసేదాన్ని గదమ్మా. రెండు నిమిషాల పని. ఎందుకు అడగలా?"

పుష్పకుమారి కూతురి ముఖంలోకి చూసింది. ఈ ప్రశ్న ఎందుకు అడుగుతోందో తెలియనట్టు చూసింది.

"నువ్వు చేసింది గదా," అంది. "తప్పు చెప్పదనుకున్నా."

పుష్పకుమారి మూడో రోజు తెల్లవారుజామున ప్రభువునందు నిద్రించింది. మనుబోలు చిన్నాన్న వాళ్ళు వచ్చి, ముందు ఏదో గొణిగినా, విషయం విని ఊరుకున్నారు. తొమ్మిదో వరస పదిహేనులో భూస్థాపన జరిగింది. మట్టి వేసేటప్పుడు అబిగయీలు ఒక పిడికెడు అమ్మ మీద వేసి, ఇంకో పిడికెడు పక్క సమాధి మీద వేసింది. పొరపాటున వేసిందనుకుని ఎవరో చెయ్యి పట్టుకోబోయారు, ఎలిశబెతు ఆపింది.

జ్ఞాపకార్థ కూడిక అయ్యాక సంఘ పెద్దలు కూర్చున్నారు. ఇకమీదట ఇలాంటి పొరపాటు రాకుండా రిజిస్టరంతా పెద్దబడిలోకి మార్చేస్తే ఒక తీరుగా ఉంటుంది కదా అని ఒక పెద్దమనిషి అన్నాడు. మాట సబబుగానే ఉంది, ఇంకెవరైనా అయితే అదే చేసేవాళ్ళు. అబిగయీలు ఒప్పుకోలేదు. ప్రోగ్రాము ఇక ఏ బడిలో రాసినా వెతుకుతుంది, సరిచేశాను, రాసింది మాత్రం రాసినట్టే ఉండాలి అంది. పిల్లల్ని చిన్నబడిలోనే ఉంచమని బతిమాలినట్టు అడిగింది. పాస్టరుగారు సరేనన్నారు. అదే రోజు ఆఫీసులో కూర్చుని, అక్షరాల పలక మీద ఆ చిన్న లైటు వెలిగించి, అమ్మ పేరు తనే ఎక్కించింది. పద్నాలుగో నంబరులోని రెండు పేర్లనీ కదపలేదు.

మర్నాడు పొద్దున జాబితా పట్టుకుని బయల్దేరింది. అరవై మూడు పేర్లలో, అమ్మో నాన్నో ఇంకా బతికి, పాళెంలోనో చుట్టుపక్కలో ఉన్నవాళ్ళని ఎలిశబెతు గుర్తుచేసుకుని టిక్కు పెట్టింది. ఇరవై రెండు ఇళ్ళు తేలాయి. మొదటి ఇల్లు చర్చి వెనక వీధిలోనే. ఆఫీసు మెట్ల మీద కూలబడిన మనిషి ఆమే. డెబ్భై ఏళ్ళుంటాయి, గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది.

"పెద్దమ్మా, మీ పాప పేరు పుస్తకంలో ఉండాది," అంది అబిగయీలు. "పన్నెండో వరస, ఆరు. రెండేళ్ళ కింద లేదని చెప్పింది తప్పు. నా తప్పు."

ముసలామె చేట కింద పెట్టింది. కాగితం మీద ఆ పేరు ఎక్కడుందో చూపించమంది. అబిగయీలు వేలు పెట్టి చూపించింది. ఆమెకి చదవడం రాదు. అయినా ఆ చిన్న అక్షరాల మీద తన వేలు కూడా ఒకసారి ఆనించి తీసింది.

"మా ఆయనకి చెప్పుంటే బాగుండు," అంది. "పోయినేడు పోయినాడు. బిడ్డ పేరు ఏడా లేదనే అనుకుంటా పోయినాడు."

అబిగయీలు సంచి పక్కన పెట్టి, గుమ్మంలో ఆమె పక్కనే కూర్చుని, ఇద్దరి మధ్యకీ చేట లాక్కుని రాళ్ళు ఏరసాగింది.